తీజ్ ఫోటోలో కొంగు ఎందుకు అడ్డం పెట్టుకున్నరు

కొంచెం పెద్ద పోస్టు ఇది. హాస్టల్లో అందరూ పన్నంక మూడు రాత్రులు కూర్చొని రాసిన. ఓపికతోని చదవండి.

మొన్న తీజ్ అప్పుడు మా తండా ఫోటోలు పెట్టిన కదా. గోధుమ మొలకల బుట్టలు నెత్తిన పెట్టుకున్న ఆడపిల్లల ఫోటోకు మస్తు లైకులు వచ్చినయ్. దాని తర్వాత ఇంకో ఫోటో ఉన్నది, చూసిన్రో లేదో. మా యాడి, మా కాకీలు, పక్కింటోళ్లు కలిసి ఏడుగురు వరుసగా నిలబడి నవ్వుతుంటరు. అందులో అయిదుగురు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నరు. కింద ఒక అన్న "మన ఆడోళ్ల సిగ్గు, మన సంప్రదాయం, ఇది కదా అందం" అని రాసిండు. నేను ఏం జవాబు ఇయ్యలే. అన్న మంచి మనసుతోనే రాసిండు. కానీ ఆ ఫోటో తీసింది నేను, నాకు తెలుసు. ఆ అయిదుగురిలో నలుగురికి ముందు పళ్లు లేవు. అంతే సంగతి. వాళ్లలో పెద్దామెకు కూడా యాభై అయిదు దాటలే. అయిదో ఆమె మా యాడి, ఆమె వయసు నలభై నాలుగు. ఆమె సంగతే ఈ పోస్టు.

మా తండా మద్నూర్ మండలంలో ఉన్నది. తెలియనోళ్లకు చెప్తున్న, కామారెడ్డి జిల్లాలో ఈ చివర. ఇక్కడి నుంచి కొంచెం పోతే మహారాష్ట్ర, దెగ్లూర్. మాకు ఇంట్ల గోర్‌బోలి, బడిలో తెలుగు, బజార్ల మరాఠీ. తిండి జొన్నరొట్టె. పని పత్తి. మా యాడి మిస్రి పెడతది. మిస్రి అంటే పొగాకును పెనం మీద నల్లగయ్యేదాక మాడ్చి, నూరి చేసిన పొడి. మరాఠీ దిక్కు ఊళ్లల్ల ఎక్కువ, మాకూ అట్లనే అలవాటయ్యింది. వేలితోని తీసి చిగుళ్లకు రుద్దుకుంటరు. పళ్లు తోముకున్నట్టే ఉంటది చూస్తే. నేను పుట్టినంక ఒకసారి పన్ను సలిపిందట, మా దాది కొంచెం మిస్రి పెట్టి "తగ్గుతది" అన్నదట. నిజంగనే తగ్గిందట. పొగాకు పెడితే కాసేపు మొద్దుబారినట్టు అయితది కదా. ఆ తర్వాత పొద్దున లేవంగనే ఒకసారి, రొట్టె తిన్నంక ఒకసారి, పత్తి చేనుకు పోయే ముందర ఒకసారి. ఇంట్ల చేసుకునే తీరిక లేనప్పుడు దుకాణం నుంచి పొట్లం తెచ్చేది ఎవరు? నేనే. మూడో తరగతి నుంచి తెచ్చిన. చిల్లర మిగిలితే చాక్లెట్ కొనుక్కునేవాణ్ణి.

1992లో కేంద్ర ప్రభుత్వం పళ్ల పొడిలో, పేస్టులో పొగాకు కలపొద్దని నిషేధం పెట్టింది. నాకు ఈ మధ్యనే తెలిసింది. మంచి పనే. కానీ ఇంట్ల పెనం మీద మాడ్చుకునే పొగాకుకు ఏ నిషేధం తగులుతది?

యాడికి చిగుళ్ల నుంచి రక్తం రావడం నాకు గుర్తున్నంత కాలం నుంచి ఉన్నది. ఉమ్మితే ఎర్రగ వచ్చేది. "వేడి చేసింది" అనేది. తర్వాత చిత్రంగ రక్తం తక్కువైంది. తగ్గిపోయిందనుకున్నం. పళ్లు పొడుగైనట్టు కనిపించడం మొదలైంది. తర్వాత కదలడం. నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్నప్పుడు ఒకరోజు రొట్టె కొరికితే కింది ముందు పన్ను రొట్టెతో పాటే వచ్చింది. ఏడ్వలే, అరవలే. చేతిలో పెట్టుకొని చూసింది. పుచ్చు లేదు, నల్లమచ్చ లేదు, తెల్లటి పన్ను. "నొప్పే లేదు బేటా" అన్నది. రెండేండ్లలో కింద నాలుగు, పైన రెండు, లోపలి దవడ పళ్లు మూడు పోయినయ్. ఒక్కటి కూడా నొప్పితోని పోలే.

మనకు నొప్పి ఉంటేనే రోగం. జ్వరం వస్తే పోతం, కాలు విరిగితే పోతం. చిగుళ్ల జబ్బు ఏండ్లకేండ్లు సప్పుడు చెయ్యకుంట పనిచేస్తది, అందుకే దాని కోసం ఎవరూ బస్సెక్కరు.

పళ్లు పోయినంక యాడి తిండి మారింది. జొన్నరొట్టె ముక్కలు చేసి పప్పులో నానబెట్టుకునేది. కొన్నాళ్లకు రొట్టె తనకు చేసుకోవడమే మానేసింది. అన్నం, మెత్తటి అన్నం, చాయలో బిస్కెట్లు. పల్లీలు మానేసింది, మాంసం మానేసింది, నా ముందర "ఇష్టం లేదు" అనేది. ఎవరన్నా మాట్లాడితే కొంగు. ఫోటో అంటే కొంగు. మా అక్కకు సంబంధం వచ్చినప్పుడు పిల్లగాని తరఫోళ్లు ఇంటికి వచ్చిన్రు. ఆమె ఇంట్లనే కూర్చున్నది, బయటికి రాలే. మా బా ఒక్కడే మాట్లాడిండు. వాళ్లు పోతూ "తల్లి ఎందుకు మాట్లాడలేదు, ఆమెకు ఇష్టం లేదా" అని అడిగిన్రట.

పెండ్లి ఖాయం అయ్యింది. అప్పుడు నేను ఒక తెలివితక్కువ పని చేసిన. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం అది.

సంక్రాంతి సెలవుల్లో జిన్నింగ్ మిల్లులో పనిచేసి 3,500 దాచుకున్న. ఒక ఊరి సంతలో పళ్లు కట్టే అతను కూర్చుంటడని, గంటలో పళ్లు పెడతడని, తియ్యాల్సిన పని లేదు, సచ్చేదాక ఉంటయని మా వాడకట్టు అన్న ఒకతను చెప్పిండు. ఆ మాట "సచ్చేదాక ఉంటయ్" నాకు బాగ నచ్చింది. యాడిని తీస్కపోయిన. గాజు పెట్టెలో పళ్లు వరుసగా పెట్టుకున్నడు. అద్దం ఇచ్చి రంగు చూపిచ్చిండు. ఏదో పొడిలో నీళ్లలాంటి మందు కలిపి ముద్ద చేసిండు, ముక్కు పగిలిపోయే వాసన. ఆ ముద్దను చిగురు మీదనే పెట్టి, పళ్లు గుచ్చి, పక్క పళ్లకు సన్నటి తీగ చుట్టి కట్టేసిండు. ఆ ముద్ద గట్టిపడేటప్పుడు వేడెక్కుతదని తర్వాత తెలిసింది. అప్పుడు యాడి కండ్లల్ల నీళ్లు వచ్చినయ్, నేను సంతోషం అనుకున్న. చేతికి గ్లోవ్స్ లేవు. నోట్ల ఏం జబ్బు ఉన్నది, ఉన్న పళ్లు కదులుతున్నయా, షుగర్ ఉన్నదా, ఒక్క ప్రశ్న అడగలే. 3,000 తీసుకున్నడు.

పెండ్లిలో యాడి నవ్వింది. ఆల్బమ్‌లో ఉన్నది, కొంగు లేకుంట, పళ్లు కనబడేటట్టు. ఆ ఒక్కరోజు కోసం ఆ డబ్బు సార్థకం అయ్యిందని అనిపిస్తది ఒక్కోసారి. మళ్లా తర్వాత అయినయన్నీ గుర్తొస్తే నోరు మూసుకుంట.

పైన పెట్టినయి నెల రోజులకే ఊడినయ్. కిందియి ఊడలే, ఊడితేనే మంచిగుండేది. చిగురుకు, ఆ ప్లాస్టిక్ ముద్దకు నడుమ తిండి ఇరుక్కునేది. తియ్యడానికి రాదు, కడగడానికి రాదు. వాసన మొదలైంది. దసరా నాటికి చీము. తీగ చుట్టిన రెండు కోర పళ్లు, అప్పటిదాక గట్టిగ ఉన్నయి, అవి కూడా కదలడం మొదలైనయ్. నేను హాస్టల్లో ఉన్న, ఫోన్ల "మంచిగనే ఉన్న" అనేది. దసరా సెలవులకు ఇంటికి పోయి పక్కన కూర్చుంటే తెలిసింది.

నవంబర్‌లో మా హాస్టల్‌కు పళ్ల డాక్టర్ల క్యాంపు వచ్చింది. అందరినీ లైన్లో నిలబెట్టి చూస్తున్నరు. నాకేం లేదు, పుచ్చు పళ్లు లేవని ధైర్యంగ నోరు తెరిచిన. ఆ డాక్టరు సన్నటి పుల్లలాంటి ఒక పనిముట్టు, చివర గుండ్రంగ, దాని మీద గీతలు ఉంటయ్, దాన్ని పంటికి చిగురుకు మధ్య సందులోకి మెల్లగ దించి అంకెలు చెప్తున్నడు. రెండు, మూడు, మూడు, రెండు. మంచి చిగురు అయితే 3 మిల్లీమీటర్ల లోపలనే ఆగుతదట. నాకు రెండు దగ్గర్ల 5 వచ్చింది. రక్తం కూడా వచ్చింది. ఇరవై ఏండ్లకు. "ఇంట్ల ఎవరికైనా పళ్లు కదులుతున్నయా" అని అడిగిండు. అక్కడ అందరి ముందర మా యాడి సంగతి చెప్పిన. సంత సంగతి కూడా చెప్పిన. తిడతడనుకున్న. తిట్టలే. "ముందు ఆ ప్లాస్టిక్ తీయించు, తొందరగ" అన్నడు.

ఇక్కడ నేను తెలుసుకున్నది కొంచెం చెప్త. మనం పన్ను అంటే పన్నునే చూస్తం. పన్ను నిలబడేది దవడ ఎముకలో. చిగురు దాని మీద కప్పిన తోలు. తిన్నంక పళ్ల మీద మెత్తగ, జిగటగ పాచి పడతది, అది ఉత్త తిండి కాదు, సూక్ష్మజీవులు. రోజూ తీస్తే పోతది. తియ్యకపోతే ఉమ్మిలో ఉన్న సున్నం లాంటి ఖనిజాలతోని కలిసి కొన్ని రోజులకే గట్టిపడి గార అయితది. గార అయ్యినంక బ్రష్షుతోని రాదు, వేపపుల్లతోని రాదు, ఉప్పుతోని రాదు. అక్కడ చిగురు వాస్తది, ముట్టుకుంటే రక్తం. ఈ మెట్టు మీద ఉన్నప్పుడు గార తీయించి శుభ్రంగ పెట్టుకుంటే చిగురు మళ్లా మామూలయితది, ఏం నష్టం లేదు. ఈ మెట్టు దాటితేనే అసలు నష్టం. చిగురు పంటిని వదిలేసి సందు లోతు అయితది, ఆ సందులో లోపల ఎముక కరుగుతది. కరిగిన ఎముక తనంతట తాను మళ్లా రాదు. వైద్యంతోని అక్కడికి ఆపగలరు, అంతే.

మరి మా యాడికి రక్తం ఎందుకు తగ్గింది? పొగాకు చిగుళ్లకు రక్తం సరిగ్గ అందనియ్యదు. అందుకని లోపల జబ్బు ముదురుతున్నా పైకి రక్తం కనపడదు. మేం తగ్గిందని సంబురపడ్డ రోజులే అసలు పాడైన రోజులు. పొగాకు రుద్దేకాడ చిగురు కిందికి జారిపోవడం, నోటి క్యాన్సర్ భయం, అవి వేరే ఉండనే ఉన్నయ్.

డిసెంబర్‌లో యాడిని నిజామాబాద్ దగ్గర మల్లారంలో ఉన్న పళ్ల కాలేజీకి తీస్కపోయిన. వర్ని రోడ్డు మీద ఉంటది. పళ్ల డాక్టరు చదువు చదివేటోళ్లు వాళ్ల సార్లు, మేడమ్‌ల ముందర వైద్యం చేస్తరు. టైం ఎక్కువ పడతది, పైసలు బయట క్లినిక్ కన్నా తక్కువ పడతయ్. హైదరాబాద్‌లో అయితే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా దవాఖాన దగ్గర సర్కారు పళ్ల కాలేజీ, దవాఖాన ఉన్నది, సిటీలో చదివేటోళ్లు అది గుర్తు పెట్టుకోండి. మద్నూర్ నుంచి బాన్సువాడ, అక్కడి నుంచి నిజామాబాద్ బస్సు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి కింద మన బస్సుల్లో ఆడోళ్లకు టికెట్ లేదు కాబట్టి యాడికి జీరో టికెట్, నాకే ఖర్చు. ఇది చిన్న సంగతి కాదు. ఎనిమిది సార్లు తిరిగినం. టికెట్ ఉంటే మూడోసారికే ఆమె "ఇగ వద్దు" అనేది, నాకు గ్యారంటీగ తెలుసు.

మొదటి రోజు ఎక్స్‌రే తీసిన్రు. దవడ మొత్తం ఒక్క ఫోటోలో వస్తది. చూసిన డాక్టరక్క చదువు చివరి ఏడాదిలో ఉన్నామె, నాకన్నా మూడు నాలుగేండ్లు పెద్దది అంతే. పెన్నుతోని గీత చూపిచ్చి, ఎముక ఇక్కడిదాక ఉండాలె, ఇక్కడిదాకనే ఉన్నది అన్నది. నేను గోర్‌బోలిలో యాడికి చెప్పాలె. ఎముక కరిగింది అని ఎట్ల చెప్పాల్నో నాకు మాట దొరకలే. కరగడం అంటే మాకు బెల్లం, మంచు. ఏదో చెప్పిన. యాడి ఎక్స్‌రే దిక్కు చూసి, కొంచెం సేపయినంక అన్నది: "అంటే గుంజ మంచిగనే ఉన్నది, చుట్టూ మన్ను పోయింది, అంతేనా?" నేను అది తెలుగులో డాక్టరక్కకు చెప్పిన. ఆమె నవ్వి, నేను కూడా ఇగ నుంచి పేషెంట్లకు ఇదే చెప్త అన్నది.

ఆ రోజే షుగర్ పరీక్షకు రాసిన్రు. పరగడుపున 212 వచ్చింది. 126 దాటితేనే షుగర్ జబ్బు అంటరు. మా ఇంట్ల ఎవరికీ తెల్వదు. చిగుళ్ల జబ్బుకు షుగర్‌కు దోస్తీ ఉన్నది, షుగర్ ఉంటే చిగుళ్లు తొందరగ పాడైతయ్, చిగుళ్లల్ల చీము ఉంటే షుగర్ దిగదు. ఇంకోటి నేను ఇంటికొచ్చినంక ఆలోచించిన. పళ్లు లేక ఆమె జొన్నరొట్టె మానేసి మెత్తటి అన్నం, బిస్కెట్లకు వచ్చింది. షుగర్‌కు అది ఎంత సాయం చేసిందో. పళ్ల కోసం పోతే షుగర్ దొరికింది. మద్నూర్ సర్కారు దవాఖానలో ఇప్పుడు నెలనెలా గోలీలు తెచ్చుకుంటున్నది.

సంతలో కట్టిన ప్లాస్టిక్‌ను చిన్న మిషన్‌తోని కోసి ముక్కలు ముక్కలుగ తీసిన్రు. దాని కింద చిగురు ఎట్లున్నదో నేను ఇక్కడ రాయ. డాక్టరక్క ఒక్క మాట అనలే కానీ అక్కడున్న ఇంకో ఇద్దరిని పిలిచి చూపిచ్చింది. రెండు కోర పళ్లు ఆగవన్నరు. షుగర్ కొంచెం దిగినంక పీకిన్రు. వాటిని నేనే పోగొట్టిన అనుకుంట. యాడి అట్ల అనదు. "అవి కూడా పోయేటియేలే" అంటది. అవి పోయేటియి కాదని డాక్టరక్క నాతోని చెప్పింది, నేను యాడికి ఆ ముక్క తర్జుమా చెయ్యలే.

ఇప్పుడు పళ్లు పెట్టుడు గురించి. మా కాక ఒకతను హైదరాబాద్‌లో ఉంటడు, స్క్రూ పళ్లు పెట్టించమన్నడు. ఇంప్లాంట్ అంటరు. దీని కథ బాగుంటది. స్వీడన్‌ల బ్రొనెమార్క్ అనే డాక్టరు 1952లో కుందేలు ఎముకలో రక్తం ఎట్ల పారుతదో చూడనీకి టైటానియం లోహంతోని చేసిన చిన్న గొట్టం పెట్టిండట. పని అయిపోయినంక తీస్తే రాలే, ఎముక దాన్ని పట్టేసుకున్నది. పళ్ల కోసం కాదు ఆయన మొదలుపెట్టింది. 1965లో గోస్టా లార్సన్ అనే మనిషికి ఆ లోహం మరలు దవడలో బిగించి పళ్లు పెట్టిండు, ఆ మనిషి 2006లో సచ్చిపోయేదాక అవి పనిచేసినయ్. సచ్చేదాక ఉండుడు అంటే అది. కానీ మరకు పట్టు దొరకాలంటే ఎముక కావాలె, షుగర్ అదుపులో ఉండాలె, పొగాకు మానాలె, చిగుళ్లు శుభ్రంగ ఉండాలె. లేకపోతే ఇంప్లాంట్ చుట్టూ కూడా ఇదే జబ్బు వచ్చి ఎముక కరుగుతది. ఎముక పట్టుకోనీకి నెలలు ఆగాలె. పైసల సంగతి అయితే చెప్పనక్కరలేదు, ఒక్కో పంటికి మా పత్తి ఆమ్దానీల ఎంత పోతదో లెక్కేసి మూసేసిన.

పక్క పళ్లను అరగదీసి వంతెన లెక్క కట్టే బ్రిడ్జి గురించి అడిగిన. పక్క పళ్లు గట్టిగ ఉంటేనే అది, కదిలే పళ్ల మీద బరువు వేస్తే వాటిని కూడా గుంజుకపోతది అన్నరు. సంతలో అయ్యింది అదే కదా. మిగిలింది తీసి పెట్టుకునే ప్లేటు. దానికి తొందర లేదన్నరు. ముందు గార తీసుడు, నాలుగు సార్లుగ, నోటిని నాలుగు భాగాలు చేసుకొని, మత్తు సూది ఇచ్చి లోపలిదాక. తర్వాత పీకిన కాడ మానాలె. పన్ను పోయినంక మొదటి కొన్ని నెలల్లోనే ఎముక ఎక్కువ కుంగుతది, అది కుంగకముందే కొలత తీసుకుంటే ప్లేటు తర్వాత వదులైతది.

గార తీయించుడు గురించి ఒక మాట. మా కాకీలు మూడోసారికి భయపెట్టిన్రు, క్లీనింగ్ చేస్తే పళ్లు కదులుతయని. నిజంగనే తీసినంక యాడికి పళ్ల మధ్య సందులు కనబడ్డయ్, నాలుకకు కొత్తగ తగిలినయ్. భయపడ్డది. ఆ సందుల్ల అప్పటిదాక గార ఉన్నది, అదే పళ్లను అతికించినట్టు పట్టుకున్నది, అంతే. కొన్ని వారాలకు చిగురు బిగిసింది. పై పన్ను పీకితే కండ్లు పోతయనే మాట కూడా మా తండాలో ఉన్నది. మీ దిక్కు కూడా ఉంటది. పంటి వేరుకు కంటి చూపుకు ఏం సంబంధం లేదు.

ఏప్రిల్‌లో ప్లేట్లు ఇచ్చిన్రు. కింద ఆరు పళ్లు, పైన రెండు. సంతలో ఇచ్చిన దానికన్నా తక్కువే అయ్యింది, ఇది రాయాలంటే నాకు సిగ్గయితది. మొదటి వారం యాడి వాటిని డబ్బాలో పెట్టి జొన్నల కుండ పక్కన దాచింది. "నోట్ల చెప్పు పెట్టుకున్నట్టున్నది" అన్నది. ఉమ్మి ఊరుతది, మాట తిరగదు. రాసిన చోట మళ్లా పోయి అరగదీయించినం, అది ఎనిమిదో తిరుగుడు. రాత్రి తీసి నీళ్లల్ల పెట్టాలె, ఎండిపోవద్దు. పేస్టుతోని తోమొద్దు, గీతలు పడతయ్, సబ్బుతోని మెత్తటి బ్రష్షుతోని కడగాలె, కింద బకెట్ల నీళ్లు పెట్టుకొని కడగాలె, జారి పడితే పగులుతది. మెత్తటియి చిన్న ముక్కలుగ, రెండు దిక్కులా సమంగ నమలడం నేర్చుకోవాలె. సొంత పళ్ల బలం రాదు, రాదని డాక్టరక్క ముందే చెప్పింది. ఇప్పుడు యాడి రొట్టె కొరకదు, తుంచి లోపలి పళ్లతోని నములుతది. కానీ రొట్టె తింటున్నది. తనకు తాను చేసుకుంటున్నది. ఉగాది దాటినంక ఒకరోజు ఫోన్ల "రొట్టె, మిరపకాయ కారం తిన్న" అని చెప్పింది. ఆమె ఏం తిన్నదో నాకు ఫోన్ చేసి చెప్పడం అదే మొదటిసారి.

మిస్రి సంగతి మీరు అడుగుతరు. మానేసిన అన్నది. ఇరవై ఏండ్ల అలవాటు, అంత తొందరగ పోదు. ఎండాకాలం సెలవుల్లో జొన్నల కుండలో చెయ్యి పెడితే పొట్లం తగిలింది. పెద్దది కాదు. ఎవరు తెచ్చి ఇస్తున్నరో కూడా తెలుసు, మా చిన్న తమ్ముడు, నా లెక్కనే. ఆమెను ఏం అనలే. తమ్మునితోని మాట్లాడిన. రోజుకు ఒకసారికి వచ్చిందని ఇప్పుడు ఆమెనే చెప్తున్నది.

నా సంగతి. 5 ఉన్న చోట లోపలిదాక గార తీసిన్రు, ఆర్నెల్ల తర్వాత కొలిస్తే ఒకటి 3కు వచ్చింది, ఇంకోటి 4 దగ్గర ఉన్నది. గట్టిగ రుద్దుడు కాదు, బ్రష్షు వెంట్రుకలు చిగురుకు పంటికి కలిసే కాడికి ఏటవాలుగ పెట్టి మెల్లగ తోమాలె, రెండు నిమిషాలు, రాత్రి తప్పకుంట. వేపపుల్ల తప్పు కాదు, దానితోని లోపలి దిక్కు అందదు, అంతే. బొగ్గు, ఇటుక పొడి పన్నునే అరగదీస్తయ్. హాస్టల్లో మా రూమ్‌ల ఆరుగురం, నలుగురికి తోముతుంటే రక్తం వస్తది. ఇద్దరు గుట్కా వేస్తరు. వాళ్లకు రక్తం రాదు, మేమే గట్టోళ్లం అంటున్నరు. యాడి కథ వాళ్లకు చెప్పిన. ఒకడు వింటున్నడు.

ఇగ ఆ తీజ్ ఫోటో. తీజ్ వచ్చింది శ్రావణంలో, యాడికి ప్లేట్లు వచ్చి నాలుగు నెలలు. ఆ రోజు పళ్లు పెట్టుకొనే ఉన్నది. నేను ఫోన్ ఎత్తి "నవ్వండి" అన్న. అందరి కన్నా ముందు కొంగు ఎత్తింది ఆమెనే. "యాడీ, పళ్లు ఉన్నయ్ కదా" అని అరిచిన. ఆమె ఒక్క క్షణం ఆగి, పక్కన ఉన్న నలుగురి దిక్కు చూసింది. కొంగు దించలే. తర్వాత ఇంట్ల అడిగితే, మర్చిపోయిన అన్నది. నాకైతే మర్చిపోయినట్టు అనిపియ్యలే.

ఆ నలుగురిలో ఇద్దరు వస్తమన్నరు. ఒకామె మా చిన్న కాకీ, ఆమెకు ఇంకా పద్దెనిమిది పళ్లు ఉన్నయ్, అందులో ఎన్ని ఆగుతయో చూడాలె. పత్తి ఏరుడు మొదలైతే ఎవరూ కదలరు, కాబట్టి ఈ నెలలోనే. వచ్చే సోమవారం పొద్దున ఎనిమిదికి బాన్సువాడ బస్టాండ్‌ల ఉంట. మద్నూర్, బిచ్కుంద, జుక్కల్ దిక్కు నుంచి ఎవరన్నా మీ అమ్మోళ్లను తీస్కొస్తమంటే కింద రాయండి, కలిసి పోదం. ఆధార్ కార్డు మర్చిపోవద్దు, జీరో టికెట్‌కు అడుగుతరు. షుగర్ పరీక్ష ఉంటది, పరగడుపున రండి, రొట్టె కట్టుకొని రండి.